షోరూము చెన్నైలో, బండి తిరుపతిలో: కొనకముందు చేసిన ఒక పరిశీలన

నేపథ్యం

తిరుపతిలో నేను నడిపే వర్క్‌షాపు ఏ ఒక్క కంపెనీకీ అధీకృతం కాదు. అన్ని రకాల బళ్లూ వస్తాయి. బండి కొనబోయేవాళ్లు ముందుగా వచ్చి సలహా అడగడం కూడా కొన్నేళ్లుగా మా పనిలో భాగమైంది. అలా వచ్చిన కేసు ఒకదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఊళ్లో పదిమంది దగ్గరా లేని బండి మీద మనసుపడినవాళ్లకు, వాళ్లకు సలహా ఇవ్వాల్సిన తోటి మెకానిక్‌లకు ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం. యజమానిని గుర్తుపట్టగల వివరాలు, బండి కంపెనీ పేరు, షోరూముల పేర్లు వదిలేశాను.

ఆయన వయసు నలభై దాటింది. తిరుపతిలో కాపురం, చిత్తూరు వైపు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో ఉద్యోగం. మామూలు రోజుల్లో బస్సుకు వెళ్లొస్తాడు, వారంలో ఒకటి రెండు రోజులు బండి తీస్తాడు. తోతాపురి కాయ దిగే జూన్, జూలై నెలల్లో మాత్రం ఫ్యాక్టరీ రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి వేళాపాళా లేకుండా బయల్దేరాల్సి వస్తుంది. తోటలకు కూడా తిరగాలి. ఆ తోటల దారుల్లో కొన్ని గ్రానైట్ క్వారీ లారీలు నలగ్గొట్టిన కంకర రోడ్లు. ఇంట్లో పదేళ్ల నాటి 100 సీసీ బండి ఒకటి ఉంది. దాన్ని అమ్మి, ఆ డబ్బు కొత్త బండి మొదటి చెల్లింపుకు కలపాలన్నది ఆయన ఆలోచన.

ఆయన ఎంచుకున్నది విడిభాగాలుగా దిగుమతి చేసి ఇక్కడ బిగించి అమ్మే ఒక విదేశీ కంపెనీ క్రూయిజర్. 250 సీసీ, రెండు సిలిండర్లు ‘వీ’ ఆకారంలో ముందొకటి వెనకొకటి ఉండే వీ-ట్విన్ ఇంజను, వెనక చక్రానికి ఛైన్ బదులు పళ్ల బెల్టు. నా దగ్గరికి వచ్చి అడిగింది ఒకే మాట: “ఇంజను మంచిదేనా అన్నా? మీరు ఊ అంటే రేపే బుక్ చేస్తాను.”

అసలు సమస్య

ఇంజను గురించి జవాబు చెప్పడం తేలిక. వీ-ట్విన్‌లో వెనక సిలిండరుకు గాలి తక్కువ తగులుతుంది. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటిన రోజున లీలామహల్ సర్కిల్ దగ్గర సిగ్నల్‌కు నిలబడితే తొడలకు ఆ వేడి తెలుస్తుంది. అంతకుమించి ఇంజనులో నాకు అభ్యంతరం కనబడలేదు. ఆయన అడగని ప్రశ్న మరొకటి ఉంది. ఈ బండి షోరూములు మనకు దగ్గరలో ఉన్నవి రెండే. ఒకటి పుత్తూరు, నగరి మీదుగా సుమారు 140 కిలోమీటర్ల దూరంలోని చెన్నైలో, రెండోది చిత్తూరు, పలమనేరు, కోలారు మీదుగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో. బండి ఆగిపోతే ఎవరు చూస్తారు, ఎక్కడ చూస్తారు, ఎన్నాళ్లు పడుతుంది?

ఈ దూరం గురించి ఆయన ఆలోచించకపోలేదు, లెక్క వేసుకునే వచ్చాడు. ఏడాదికి 9,000 కిలోమీటర్లు తిరుగుతాడు. కంపెనీ షెడ్యూలు ప్రకారం మొదటి సర్వీసు 1,000 కిలోమీటర్ల దగ్గర, రెండోది 6,000 దగ్గర, మూడోది 12,000 దగ్గర. అంటే మొదటి ఏడాది రెండుసార్లు చెన్నై వెళ్లొస్తే సరిపోతుంది. ఆ లెక్క తప్పు కాదు, కానీ ముందుగా తేదీ వేసుకుని చేయించుకునే పనికి మాత్రమే వర్తిస్తుంది. మనిషిని ఇబ్బంది పెట్టేది చెప్పాపెట్టకుండా వచ్చే పని. బండి నడిచే స్థితిలో ఉంటే 140 కిలోమీటర్లు ఒక ఉదయపు ప్రయాణం. నడవని బండికి అదే దూరం వ్యాను బాడుగ అవుతుంది.  షోరూము ఇచ్చే రోడ్ సైడ్ అసిస్టెన్స్ కాగితం తెప్పించి చదివితే, ఉచితంగా మోసే దూరానికి అందులో పెట్టిన పరిమితి చెన్నై దాకా చాలదని తేలింది.

మొదటి ప్రయత్నాలు

ముందుగా రెండు షోరూములకూ ఆయన చేతే ఫోన్ చేయించాను. రెండు చోట్లా అమ్మకాల వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. స్పేర్లకు కొదవ లేదన్నారు. చెన్నై వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి, త్వరలో తిరుపతిలోనే సర్వీస్ పాయింట్ పెడుతున్నామన్నారు. ఆ మాటతో ఆయనకు కొండంత ధైర్యం వచ్చింది. అదే మాటను ఈ-మెయిల్‌లో రాసివ్వమని అడగండి అని చెప్పాను. అడిగాడు. ధరల పట్టిక వచ్చింది, రంగుల ఫొటోలు వచ్చాయి, సర్వీస్ పాయింట్ ప్రస్తావన మాత్రం రాలేదు. రాని షోరూముకు విలువ కట్టకూడదని, ఈరోజు తలుపులు తెరిచి ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోవాలని ఆయనకు గట్టిగా చెప్పాను.

ఈ పట్టుదలకు కారణం ఉంది. తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే బళ్ల వ్యాపారం మన దేశంలో ఎలా చేతులు మారిందో చూసినవాళ్లం. కొరియా కంపెనీ హ్యోసంగ్ బళ్లు గార్వారే, తర్వాత డీఎస్‌కే, ఆ తర్వాత కైనెటిక్ చేతుల్లోకి వెళ్లాయి. హార్లే-డేవిడ్సన్ అంతటి పేరున్న సంస్థ కూడా 2020 సెప్టెంబరులో హర్యానాలోని బావల్ ప్లాంటు మూసేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాతి నెలలోనే హీరో మోటోకార్ప్‌తో ఒప్పందం కుదిరి, బళ్ల అమ్మకాలూ సర్వీసూ స్పేర్లూ హీరో చూసుకునే ఏర్పాటు జరిగింది కాబట్టి పాత యజమానులకు ఒక దారి మిగిలింది. అన్ని కంపెనీల విషయంలోనూ అలా జరుగుతుందన్న భరోసా లేదు. ఏడెనిమిదేళ్లు వాడదామనుకునే మనిషి అమ్మేవాడి మాటతోపాటు, ఆ అమ్మేవాడు రేపు ఉండకపోతే తన చేతిలో ఏం మిగులుతుందన్నది కూడా చూసుకోవాలి.

రెండో ప్రయత్నం, ఇప్పటికే ఈ బండి ఉన్నవాళ్లను అడగడం. దొరికినవాళ్లందరూ చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ వాసులు. బండి బాగుందన్నారు, సర్వీసూ ఫరవాలేదన్నారు. షోరూము పది కిలోమీటర్ల దూరంలో ఉన్నవాడి అనుభవం చిత్తూరు రోడ్డు మీద ఆగిపోయేవాడికి వర్తించదు. ఆ సమాచారాన్ని పక్కన పెట్టాం.

మూడోది, అన్నీ మా వర్క్‌షాపులోనే చేసేయవచ్చా అన్న ఆలోచన. ఆయన కోరిక కూడా అదే. దీనికి అడ్డం వచ్చినవి మూడు. వారంటీ ఉన్న రెండేళ్లలో నిర్ణీత సర్వీసులు బయట చేయిస్తే తర్వాత క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ బయటి వర్క్‌షాపులకు దొరకదు. ఇక కంపెనీ సాఫ్ట్‌వేర్ లేకుండా కొన్ని పనులు ముందుకు కదలవు. బీఎస్6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక చాలా బళ్లలో సీటు కింద ఆరు పిన్నుల సాకెట్ ఉంటోంది. మామూలు స్కానర్ పెట్టి ఫాల్ట్ కోడ్‌లు చదవగలం. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ యూనిట్‌లోని పంపును తిప్పి గాలి తీయాలన్నా, కొత్త ఈసీయూకు (ఇంజనును నడిపే కంప్యూటరుకు) తాళంచెవి పరిచయం చేయాలన్నా ఆ స్కానర్ చాలదు. ఏ పని ఎవరిదో తేల్చకుండా “నేను చూసుకుంటాలే” అనడం ఆయనకు మేలు చేయదు.

పనికొచ్చిన పద్ధతి

అప్పుడు దూరం లెక్క పక్కనపెట్టి, పనుల లెక్క మొదలుపెట్టాం. ఇద్దరం చెన్నై వెళ్లాం. ఆయన టెస్ట్ రైడ్ ముగించుకుని వచ్చాక, షోరూము వాళ్ల అనుమతితో డెమో బండి సీటు విప్పించి, టార్చ్ లైటుతో ఒక్కో భాగమూ చూసుకుంటూ రాసుకున్నాను. బ్యాటరీ కొలత మామూలుదే. స్పార్క్ ప్లగ్ నంబరు మన అంగళ్లలో దొరికేదే. బ్రేక్ ప్యాడ్లు చెన్నైలో స్పేర్ల అంగళ్లుండే జీపీ రోడ్డులో దొరికే రకమే. చక్రాల బేరింగుల సంఖ్య సర్వీసు విభాగం మెకానిక్‌ను అడిగితే చెప్పాడు. బేరింగుకు కంపెనీతో పనిలేదు. 6203 అంటే ప్రపంచంలో ఎక్కడైనా అదే లోపలి కొలత, అదే బయటి కొలత. ఆయిల్ సీళ్లూ అంతే, లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం తెలిస్తే చాలు. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉంచే సన్నటి ఖాళీ) సరిచేయడానికి వాడే షిమ్‌లనే లోహపు బిళ్లలను కూడా 7.48, 9.48 మిల్లీమీటర్ల వంటి వ్యాసాల్లో పలు కంపెనీలు పంచుకుంటాయి. కరెంటును కలిపి తెంచే రిలేలు కారు ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండేవే, కాళ్ల మీద 30, 85, 86, 87 అంకెలు స్పష్టంగా కనబడ్డాయి.

వేరే బండి నుంచి తెచ్చి పెట్టలేనివీ అక్కడే తేలాయి. మొదటిది బెల్టు. ఛైన్ అయితే 428, 520 వంటి కొలతల్లో ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, పొడవు ఎక్కువైతే లింకులు తీసి బిగించవచ్చు. బెల్టుకు అతుకు ఉండదు. వెడల్పు, పళ్ల సంఖ్య, పళ్ల మధ్య దూరం మూడూ కచ్చితంగా సరిపోవాలి. చాలా బళ్లలో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ విప్పితే తప్ప కొత్త బెల్టు లోపలికి పోదు. నూనె వేసే పని లేదు, శబ్దం ఉండదు, సంవత్సరాల తరబడి నడుస్తుంది. కానీ బెల్టుకూ పుల్లీకీ మధ్య పదునైన రాయి ఇరుక్కుంటే లోపలి నారలు తెగుతాయి, ఆ తర్వాత ఎప్పుడు తెగిపోతుందో చెప్పలేం. ఆయన తిరిగేది కంకర దారులు. మిగతావి హెడ్‌లైట్ యూనిట్, కుడి హ్యాండిల్ స్విచ్‌లు, ఈసీయూ, క్లచ్ లివర్.

దీంతో పనులు మూడు కుప్పలయ్యాయి: తిరుపతిలో జరిగిపోయేవి, చెన్నైకి పోక తప్పనివి, విడిభాగం వచ్చేదాకా ఎక్కడున్నా ఆగాల్సినవి. మూడో కుప్పే అసలైన ప్రమాదం. ఆ కుప్పలో ఉన్నదానికి షోరూము పక్కింట్లో ఉన్నా ఫలితం ఒకటే.

ఆ ప్రమాదం ఎంతో తెలియాలంటే బండి కొనకముందే స్పేర్లు ఆర్డరు పెట్టి చూడాలని సూచించాను. డబ్బు దండగ అని ఆయన మొదట వెనకాడాడు. లివరు, ఆయిల్ ఫిల్టరు, వెనక బ్రేక్ ప్యాడ్లు ఎలాగూ ఉండాల్సినవే, కొనకపోతే మా వర్క్‌షాపు తరఫున ఉంచుకుంటామని చెప్పాక ఒప్పుకున్నాడు. రెండు షోరూముల్లోనూ నేరుగా స్పేర్ల కౌంటరుకే మాట్లాడాం. బెల్టుకూ హెడ్‌లైట్‌కూ ధర, రావడానికి పట్టే కాలం రాతపూర్వకంగా అడిగాం.

ఇక్కడ ఊహించని మెలిక ఎదురైంది. ఛాసిస్ నంబరు లేనిదే కంప్యూటర్‌లో ఆర్డరు పెట్టడం కుదరదని రెండు కౌంటర్లూ చెప్పాయి. మన దగ్గర ఇంకా బండే లేదు. చెన్నై వాళ్లు బండి కొన్నాక రమ్మన్నారు. బెంగళూరు కౌంటరులో ఉన్నాయన తమ డెమో బండి నంబరు వేసి ఆర్డరు తీసుకున్నాడు, ఉన్నవాటి ఫొటోలు పంపాడు, లేనివి లేవని రాశాడు. ఫిల్టరు, ప్యాడ్లు రెండో రోజుకు పార్శిల్‌లో వచ్చాయి. లివరుకు మూడు వారాలు పట్టింది. బెల్టు దేశంలో ఎక్కడా స్టాకు లేదు, దిగుమతికి ఆరు నుంచి ఎనిమిది వారాలు అని జవాబు. “లేదు” అని రాసిచ్చిన ఆ జవాబే మాకు అన్నిటికంటే విలువైన సమాచారం అయింది.

నిర్ణయం

ఈ వివరాలన్నీ ముందుంచి, తిరుపతిలోనే షోరూము ఉన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ 650 బండిని ఒకసారి నడిపి చూడమన్నాను. దాని రెండు సిలిండర్లు పక్కపక్కనే ఉన్నా, పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్ 270 డిగ్రీల అమరికలో ఉండటం వల్ల 90 డిగ్రీల వీ-ట్విన్ లాంటి లయే వినిపిస్తుంది. నడిపాడు, మెచ్చుకున్నాడు, బరువు ఎక్కువనీ ఖర్చు తన స్తోమతకు మించిందనీ చెప్పాడు. మనసు మొదటి బండి మీదే ఉంది. మనిషికి ఇష్టమైన బండి కొనుక్కోవడం మంచి కారణమే. దాన్ని చులకన చేసే సలహాదారు మాట ఎవరూ వినరు. నా పని ఆ ఇష్టానికి అయ్యే ఖర్చు ఎంతో ముందుగా చూపించడం.

చివరికి కొన్ని షరతుల మీద కొనమన్నాను. వీటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది పాత 100 సీసీ బండిని అమ్మకపోవడం. జూన్‌లో కొత్త బండి ఎనిమిది వారాలు కదలకపోతే ఆయన ఉద్యోగానికి ఇబ్బంది. పాత బండి ఉంటే అది చిరాకుతో సరిపోతుంది. దాన్ని అమ్మితే వచ్చే సొమ్ము కంటే ఈ రక్షణ విలువ ఎక్కువని ఒప్పించడానికి సమయం పట్టింది. మొదటి చెల్లింపు కోసం ఆయన కొన్ని నెలలు ఆగాల్సి వచ్చింది.

బండి చెన్నైలో కొనాలి, స్పేర్లు బెంగళూరు నుంచి తెప్పించాలి అనుకున్నాం. సర్వీసుకు బండి వెళ్లాలి కాబట్టి దగ్గరి ఊరు మేలు. విడిభాగం పార్శిల్‌లో వస్తుంది కాబట్టి దూరం లెక్కలోకి రాదు, కౌంటరులోని మనిషి తీరే లెక్క. అమ్మినవాళ్ల దగ్గరే అన్నీ జరగాలన్న నియమం లేదు. రిజిస్ట్రేషన్ మాత్రం మోటారు వాహనాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం యజమాని నివసించే చోట, అంటే మన రాష్ట్రంలోనే జరగాలి. అందుకని తాత్కాలిక రిజిస్ట్రేషన్‌తో పాటు ఫారం 21 (అమ్మకపు ధ్రువపత్రం), ఫారం 22 (బండి రోడ్డు మీద తిరగడానికి తగినదన్న ధ్రువపత్రం) చేతికి వచ్చాకే మిగతా సొమ్ము కట్టించాను. బెల్టు ఆర్డరు కూడా బండి బుకింగ్ రోజునే పెట్టించాను.

ఇన్సూరెన్స్‌లో జీరో డిప్రిసియేషన్ (భాగాల అరుగుదల పేరుతో క్లెయిమ్ సొమ్ములో కోత పడని ఏర్పాటు) తీసుకోమని చెప్పాను. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల మీద 50 శాతం కోత పడుతుంది. దిగుమతి హెడ్‌లైట్ ధర చూశాక ఆ సలహాకు వేరే వివరణ అవసరం రాలేదు. క్యాష్‌లెస్ సదుపాయం చెన్నైలోనే ఉంటుందని, ఇక్కడ చేయించుకుంటే ముందు డబ్బు కట్టి తర్వాత తీసుకోవాలని కూడా అప్పుడే తెలుసుకున్నాడు.

తర్వాత జరిగినవి

బెల్టు చెప్పిన గడువు దాటాకే వచ్చింది. పార్శిల్ విప్పి చూస్తే ఎనిమిది అంకెలా మెలిపెట్టి, ప్లాస్టిక్ ట్యాగుతో బిగించి కట్టి ఉంది. మడత పడిన చోట తెల్లటి గీత కనిపించింది. అలా మడిస్తే లోపలి నారలు అక్కడే బలహీనపడతాయి. ఫొటోలు తీసి వెనక్కి పంపితే కౌంటరు వాళ్లు పేచీ లేకుండా మార్చి ఇచ్చారు. రెండోది వెడల్పాటి అట్టపెట్టెలో గుండ్రంగా వచ్చింది, అలాగే వేలాడదీసి ఉంచాం.

మొదటి మామిడి సీజన్‌లో తోట దారిలో నెమ్మదిగా వెళ్తూ బండి పక్కకు ఒరిగింది. క్లచ్ లివరు విరిగింది. ముందే తెప్పించిన లివరు ఉండటంతో గంటలో సరిపోయింది. క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో వచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్) పోగొట్టుకోవడం ఎందుకని ఇన్సూరెన్స్ జోలికి పోలేదు.

అదే సీజన్ చివర్లో పూతలపట్టు దగ్గర బండి ఆగిపోయింది. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజను అందుకోవడం లేదు. కీ వేయగానే పెట్రోల్ పంపు చేసే సన్నటి శబ్దం రావడం లేదని ఫోన్‌లోనే చెప్పాడు. మొదట ఫ్యూజు చూడమన్నాను, బాగానే ఉంది. తర్వాత పక్కపక్కనే ఉన్న ఒకేలాంటి రెండు రిలేల్లో హారన్‌ది తీసి పంపుకు పెట్టమన్నాను. శబ్దం వచ్చింది, బండి కదిలింది. తిరుపతి చేరాక కారు ఎలక్ట్రీషియన్ దగ్గర అదే రకం రిలే కొన్నాం. పాడైన రిలేను పారేయకుండా ఉంచి, ఏం చేశామో ఫొటోలతో షోరూముకు ఈ-మెయిల్ పంపించాను, వారంటీ ప్రశ్న వస్తే రికార్డు ఉండాలి కదా. డెమో బండి సీటు విప్పించి చూడకపోయి ఉంటే ఆ రిలే ఎక్కడుందో ఫోన్‌లో చెప్పగలిగేవాణ్ని కాదు.

అన్నీ ఇంత తేలిగ్గా జరగలేదు. వర్షాల్లో కుడి హ్యాండిల్ స్విచ్‌లలో నీరు చేరి స్టార్టర్ బటన్ పనిచేయడం మానేసింది. వారంటీలో ఉచితంగానే మార్చారు, కానీ విడిభాగం రావడానికి ఏడు వారాలు పట్టింది. అది మూడో కుప్పలోని పని. ఆ ఏడు వారాలూ ఆయన పాత 100 సీసీ బండి మీదే తిరిగాడు.

ఈ కేసు నేర్పినవి

డీలరు దూరం ఒక్కటే చూసి బండి వద్దనడమూ సరికాదు, సర్వీసు ఏడాదికి రెండుసార్లే కదా అని సరిపెట్టుకోవడమూ సరికాదు. దగ్గర్లో షోరూము ఉన్నా విడిభాగం దేశంలోనే లేకపోతే బండి అక్కడే నిలబడుతుంది. చాలా భాగాలు బజారులో దొరికేవైతే షోరూము 140 కిలోమీటర్ల దూరంలో ఉన్నా బతకవచ్చు. అందుకని కొనబోయేవాళ్లను నేను ఇప్పుడు అడిగించే మొదటి ప్రశ్న స్పేర్ల కౌంటరుకు వెళ్తుంది, అమ్మకాల బల్లకు కాదు. ఒక చిన్న ఆర్డరుకు వాళ్లు ఎలా స్పందిస్తారన్నది, పెద్ద అవసరం వచ్చినప్పుడు ఎలా ఉంటారో చెబుతుంది.

ఇంట్లో మరో బండి లేనివాళ్లకు, రోజువారీ సంపాదన బండి మీదే ఆధారపడినవాళ్లకు ఇలాంటి బండి వద్దనే చెబుతున్నాను. ఇది ఆ బండి మంచిచెడ్డల మీద తీర్పు కాదు. ఏడు వారాల నిరీక్షణను ఈ కేసులోని వ్యక్తి భరించగలిగాడు, బండి మీద సరుకు వేసుకుని ఊరూరా తిరిగే చిరువ్యాపారి భరించలేడు.

రాతలో అడగడం వల్ల ఇంకో ప్రయోజనం ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, షోరూము చెన్నైలో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. ఆ రోజు వస్తే ఫోన్‌లో విన్న హామీ నిలబడదు, ఈ-మెయిల్ నిలబడుతుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో తెచ్చిన రైట్ టు రిపేర్ (మరమ్మతు హక్కు) పోర్టల్‌లో వాహనాల రంగం కూడా ఉంది. కొనబోయే కంపెనీ అందులో సర్వీస్, స్పేర్ల వివరాలు పెట్టిందో లేదో చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

వారంటీ ఇంకొన్ని నెలల్లో ముగుస్తుంది. ఆ తర్వాత ఆయిలు, ఫిల్టర్లు, ప్యాడ్లు, వాల్వ్ క్లియరెన్స్ పనులు మా వర్క్‌షాపుకు వస్తాయి. ఏబీఎస్, ఈసీయూ పనులకు చెన్నై వెళ్లక తప్పదు. వేలాడదీసి ఉంచిన బెల్టు ఎప్పుడైనా బండికి ఎక్కితే, అదే రోజు మరొకటి ఆర్డరు పెట్టాలని జాబ్ కార్డు మీద రాసి పెట్టాం.